కొత్త ప్లేయర్ల మీదకు ఓగర్‌ను వదలొచ్చా? వదలొచ్చు, కానీ దాని దెబ్బ సంగతి ముందు చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడుతున్నారు, నలుగురు స్నేహితులూ కొత్తవాళ్లే, అందరూ లెవెల్ 1, కథ నడిపే డీఎంగా (డంజన్ మాస్టర్‌గా) మీకూ ఇదే మొదలు. పోయిన సెషన్‌లో నాలుగు గోబ్లిన్లను పెడితే రెండు రౌండ్లలో ఊడ్చిపారేసి "ఇంతేనా?" అన్నారు. అందుకని ఈసారి గుహ చివర ఒక ఓగర్‌ను, అంటే గద పట్టిన భారీ రాక్షసుడిని, పెడదామనుకుంటున్నారు. గట్టిగా ఉండాలి, భయం వేయాలి, కానీ రెండో సెషన్‌కే ఎవరి క్యారెక్టరూ చనిపోకూడదు. ఛాలెంజ్ రేటింగ్ (రాక్షసుడు ఎంత గట్టివాడో చెప్పే అంకె) లెక్క చూస్తే పాత 2014 పుస్తకంలో ఒకలా, కొత్త 2024 పుస్తకంలో ఇంకోలా వస్తోంది, దేన్ని నమ్మాలి అన్నారు.

సూటిగా చెప్తే: పెట్టండి. స్టాట్ బ్లాక్‌లో (రాక్షసుడి అంకెల పట్టికలో) ఒక్క అంకె కూడా మార్చక్కర్లేదు, కానీ దాని డ్యామేజ్‌కు డైస్ వేయకండి. పుస్తకంలో పక్కనే అచ్చు వేసిన సగటు, అంటే 13, అదే ప్రతిసారీ వాడండి. లెవెల్ 1లో ఉన్నంతకాలం రాక్షసుడికి క్రిటికల్ (డీ20 మీద 20 పడి డ్యామేజ్ డైస్ రెట్టింపయ్యే దెబ్బ) పడితే దాన్ని మామూలు దెబ్బగానే లెక్కించండి, ఆ సంగతి ఆట మొదలవ్వకముందే టేబుల్ దగ్గర చెప్పేయండి. కింద పడిపోయినవాళ్లను ఓగర్ మళ్లీ కొట్టకూడదు. పారిపోవడానికి ఒక దారి మ్యాప్‌లో ముందే ఉండాలి. ఇంత చేస్తే ఎవరైనా చనిపోయే అవకాశం చాలా తగ్గిపోతుంది, టెన్షన్ మాత్రం ఎక్కడికీ పోదు.

డ్యామేజ్ డైస్ గురించి ఎందుకంత పట్టుబడుతున్నానంటే, లెక్క చూడండి. ఓగర్ గద దెబ్బ 2డీ8+4, అంటే రెండు ఎనిమిది ముఖాల డైస్ వేసి 4 కలపాలి, 6 నుంచి 20 వరకు ఎంతైనా పడొచ్చు. మీ టేబుల్‌లో విజార్డ్ (మంత్రగాడు) ఉన్నారు కదా, లెవెల్ 1లో వాళ్లకు సాధారణంగా 8 హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉంటాయి. జీరోకి పడిపోయాక ఇంకా మిగిలిన డ్యామేజ్ ఆ క్యారెక్టర్ పూర్తి హిట్ పాయింట్లతో సమానమైనా, మించినా డెత్ సేవ్‌ల (పడిపోయినవాళ్లు బతకడానికి వేసే డైస్) దాకా వెళ్లే పనే లేదు, అక్కడికక్కడే చావు అని రూల్. 8 ఉన్న విజార్డ్‌కు ఆ గీత 16 దగ్గర ఉంటుంది. రెండు ఎనిమిది ముఖాల డైస్ వేస్తే 12, ఆ పైన పడే అవకాశం 64లో 15, దాదాపు నాలుగింట ఒక వంతు. పైగా విజార్డ్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 12 అనుకుంటే +6తో కొట్టే ఓగర్‌కు డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 6 పడితే చాలు. పూర్తి ఆరోగ్యంతో నిలబడ్డ మనిషి, తన తప్పేమీ లేకుండా, తన మొదటి టర్న్ కూడా రాకముందే షీట్ చింపేయాల్సి రావచ్చన్నమాట. అదే 13 స్థిరంగా ఉంచితే 8 పోను మిగిలేది 5, కాబట్టి ఆ విజార్డ్ పడిపోతారు కానీ చనిపోరు. 12 హిట్ పాయింట్లున్న ఫైటర్ కూడా 13కి పడిపోతారు. "ఒక్క దెబ్బ తగిలితే ఎవరైనా పడిపోతారు, కానీ ఆ దెబ్బతోనే ఎవరూ పోరు" అన్న స్థితి ఇది. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి భయం నాకు తెలియదు.

ఒక్క దెబ్బకు పడిపోవడం కూడా ఎక్కువే అనిపిస్తే డ్యామేజ్‌ను 1డీ8+2కి దించండి, సగటున 6.5, కిందికి సవరిస్తే 6. 2014 లెక్కలో ఉన్న 59 హిట్ పాయింట్లను మాత్రం ముట్టుకోకండి. చాలామంది కొత్త డీఎంలు దీన్ని తిరగేసి చేస్తారు. దెబ్బను అలాగే వదిలేసి హిట్ పాయింట్లను 30కి కోసేస్తారు. దానివల్ల పోరాటం ఒకటిన్నర రౌండ్లలో అయిపోతుంది, ఆ కాసేపట్లో ఎవరో ఒకరు చచ్చే అవకాశం మాత్రం అలాగే ఉంటుంది. రాక్షసుడు ఎక్కువసేపు నిలబడాలి, తక్కువగా కొట్టాలి. అప్పుడే ప్లేయర్లకు "ఇలా కాదు, ఇంకేదైనా చేయాలి" అని ఆలోచించే టైమ్ దొరుకుతుంది.

ఇప్పుడు మీ రెండు పుస్తకాల తేడా. మీరు పెట్టిన నాలుగు గోబ్లిన్లకు ఒక్కోదానికి 50 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), మొత్తం 200. 2014 పుస్తకం మూడు నుంచి ఆరు రాక్షసులుంటే దాన్ని రెండుతో హెచ్చించమంటుంది, అంటే 400. నలుగురు లెవెల్ 1 వాళ్లకు "డెడ్లీ" గీత సరిగ్గా 400 దగ్గరే ఉంది. 2024 పుస్తకం ఆ హెచ్చింపును తీసేసింది, కాబట్టి అవే గోబ్లిన్లు 200గానే ఉండిపోతాయి, అది "లో" అనే అడుగు మెట్టు. అవే గోబ్లిన్లు, అదే పార్టీ, ఒక పుస్తకం ప్రాణాంతకం అంటుంది, ఇంకోటి తేలిక అంటుంది. మీ టేబుల్‌లో అవి రెండు రౌండ్లలో చచ్చాయంటే కొత్త పుస్తకమే కరెక్ట్ అనుకోవద్దు. గోబ్లిన్‌కు 2014 లెక్కలో ఉన్నవి 7 హిట్ పాయింట్లు, సరిగ్గా తగిలిన ఒక దెబ్బ. మీవాళ్లు ఇనీషియేటివ్‌లో (ఎవరి వంతు ముందో తేల్చే డైస్‌లో) ముందొచ్చి రెండు మూడు దెబ్బలు తగిలించేసరికి ఎదుటిపక్షం సగానికి పడిపోయి ఉంటుంది. అదే గోబ్లిన్లు ముందొచ్చి నాలుగూ విజార్డ్ మీదే పడి ఉంటే? +4తో కొడతాయి, ఒక్కో దెబ్బ సగటున 5.5, ఆర్మర్ క్లాస్ 12 మీద నాలుగూ కలిపి ఒక రౌండ్‌లో 14 దాకా. ఓగర్ ఒక్క దెబ్బకంటే ఎక్కువే. కాబట్టి పట్టికలో ఏ మెట్టు అన్నదానికన్నా ఎవరు ముందు కదిలారు, ఎవరిని కొట్టారు అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఇందులో రెండోది పూర్తిగా మీ చేతిలో ఉంది.

ఓగర్ విషయంలో మాత్రం రెండు పుస్తకాలూ ఒక్క మాట మీదే ఉన్నాయి. దాని విలువ 450, రెండింటిలోనూ నలుగురు లెవెల్ 1 వాళ్ల పై గీత 400. ఛాలెంజ్ రేటింగ్ పార్టీ లెవెల్ కన్నా ఎక్కువున్న రాక్షసుడితో జాగ్రత్త, ఓగర్ ఒక్క దెబ్బతో విజార్డ్‌ను చంపగలదు అని రూల్స్‌లోనే హెచ్చరిక ఉంది. కాబట్టి మీకు అనుమానం రావడం సహజమే.

నేనైతే ముందుగా రౌండ్లు లెక్కపెడతాను. ఎక్స్‌పీ పట్టిక తర్వాత చూస్తాను. ఓగర్ ఆర్మర్ క్లాస్ 11, మీవాళ్లు +5తో కొడితే నాలుగింట మూడు దెబ్బలు తగులుతాయి, తగిలినప్పుడు సగటున 7, 8 పోతాయి అనుకుంటే నలుగురూ కలిసి రౌండ్‌కు 21 నుంచి 24. 59 కరగడానికి సుమారు మూడు రౌండ్లు. ఆ మూడు రౌండ్లలో ఓగర్‌కు మూడు టర్న్‌లు, అందులో రెండు తగులుతాయి, అంటే ఇద్దరు పడిపోతారు. ఇద్దరు పడి ఇద్దరు నిలబడి గెలవడం, దాన్ని వాళ్లు చాలాకాలం చెప్పుకుంటారు. ఎవరైనా పడగానే మీవైపు దెబ్బలు తగ్గి లెక్క నాలుగో రౌండ్‌కు సాగుతుంది, అప్పుడే గాలి ఓగర్ వైపు తిరుగుతుంది. అందుకే మీ పార్టీలో క్లెరిక్ (వైద్యం చేయగల పూజారి పాత్ర) లేకపోతే ముందు గదిలో ఒకటి రెండు హీలింగ్ పోషన్‌లు దొరికేలా పెట్టండి. 2డీ4+2, సగటున 7, ఒక మనిషిని లేపి నిలబెట్టడానికి చాలు. ముగ్గురే ఉంటే ఈ లెక్క బాగా చెడిపోతుంది, అప్పుడు ఓగర్ డ్యామేజ్ తగ్గించి తీరాల్సిందే.

ఇంకో మార్గం ఉంది, చాలామందికి తోచదు. ఓగర్ గుహకు చేరేసరికి వాళ్లను లెవెల్ 2 చేసేయండి. రూల్ ప్రకారం లెవెల్ 2కి ఒక్కొక్కరికి 300 ఎక్స్‌పీ కావాలి, కానీ కొత్తవాళ్ల టేబుల్‌లో ఆ లెక్క పక్కనపెట్టి మొదటి సెషన్ అవ్వగానే పెంచేసినా ఎవరూ అడగరు. అదే విజార్డ్ 14 హిట్ పాయింట్లకు చేరతారు. అప్పుడు మామూలు దెబ్బ ఎంత గట్టిగా పడినా, 20 వచ్చినా, అక్కడికక్కడే చావు ఉండదు. 2014 పట్టికలో ఓగర్ అప్పుడు "మీడియం"కు దిగిపోతుంది. లెవెల్ 1 నుంచి 2కి ఉన్నంత తేడా ఆ తర్వాత ఏ రెండు లెవెల్స్ మధ్యా నాకు కనిపించలేదు.

ఇక టేబుల్ మీద నడిపే విధానం. కొత్త ప్లేయర్లకు ఏది ప్రమాదమో తెలియదు. మనకు ఓగర్ అంటే 2డీ8+4 గుర్తొస్తుంది, వాళ్లకు అది ఒక పెద్ద లావుపాటి బొమ్మ. అందుకని దాని బలం ముందు వేరే దేనిమీదైనా చూపించాలి. గుహ బయట ఇనుప కడ్డీల గేటు వంగిపోయి పడుంటుంది. లోపల ఓగర్ మొదటి టర్న్‌లో ఎవరినీ కొట్టదు, కోపంగా గదను రాతిస్తంభానికేసి బాదితే స్తంభం సగానికి విరుగుతుంది. ఒక టర్న్ వదులుకున్నట్టే, నిజమే, కానీ ఆ టర్న్‌తో ప్లేయర్లు చేతిలో ఉన్న షీట్‌ను మొదటిసారి శ్రద్ధగా చదవడం మొదలుపెడతారు. అయినా అర్థం కాలేదనిపిస్తే నేను మొహమాటం లేకుండా చెప్పేస్తాను: "మీ క్యారెక్టర్లు ఈ లోకంలో పుట్టి పెరిగినవాళ్లు, ఆ గద ఒక్కసారి తగిలితే మీలో ఎవరైనా పడిపోతారని మీకు తెలుసు." దీన్ని కొందరు చీటింగ్ అంటారు. ప్రమాదాన్ని దాచిపెట్టి చంపడం కన్నా ఇదే నయం.

రాక్షసుడికి ఒక బలహీనత ఉండాలి, అది షీట్ మీద ఉన్న మామూలు స్పెల్‌తోనే దొరకాలి. ఓగర్‌కు ఇది పుట్టుకతోనే ఉంది. దాని విజ్డమ్ 7, అంటే విజ్డమ్ సేవ్‌కు (మనసును లొంగదీసే స్పెల్‌ను తట్టుకోవడానికి వేసే డైస్‌కు) −2. నేను నడిపిన ఒక టేబుల్‌లో క్లెరిక్ ఆడుతున్న అమ్మాయి రెండు రౌండ్లు తన సేక్రెడ్ ఫ్లేమ్ అనే చిన్న దాడి స్పెల్‌తో గీకుతూ కూర్చుంది. ఫైటర్ పడిపోయాక షీట్ తిప్పి "కమాండ్ అంటే ఏంటి, ఒక్క మాట చెప్తే అది వింటుందా?" అని అడిగింది. వింటుంది, సేవ్ తప్పితే. "వదిలెయ్" అంది. లెవెల్ 1 క్లెరిక్‌కు సేవ్ డీసీ (తప్పించుకోవడానికి ఓగర్ అందుకోవాల్సిన అంకె) 13, −2 ఉన్న ఓగర్‌కు 15 పడాలి, నేను అందరి ముందూ వేశాను, 9 పడింది. గద చేతిలోంచి జారిపోయి దాని టర్న్ అక్కడితో అయిపోయింది. తర్వాత నాకు నచ్చింది ఏంటంటే, రోగ్ (దొంగ పాత్ర) పరుగెత్తి ఆ గదను ఎత్తలేక, తాడు కట్టి పక్కనున్న గోతిలోకి లాగేశాడు. ఆయుధం లేని ఓగర్ పిడిగుద్దు 5 మాత్రమే. ఓగర్ ఇంకా అంతే ఉంది, హిట్ పాయింట్లు సగం పైనే ఉన్నాయి, కానీ పోరాటం ఆ క్షణంలోనే తిరిగిపోయింది, అది వాళ్లే తిప్పారు. నేను చేసిందల్లా ఆ మ్యాప్‌లో ఒక గొయ్యి గీసి ఉంచడం, అంతే.

స్లీప్ స్పెల్ గురించి కూడా ముందే ఆలోచించి పెట్టుకోండి. 2014 రూల్స్‌లో అది 5డీ8 హిట్ పాయింట్ల మేర నిద్రపుచ్చుతుంది, గరిష్ఠం 40. అంటే 59 ఉన్న ఓగర్ మీద మొదటి రౌండ్‌లో వేస్తే దండగ, 20కి దిగాక వేస్తే చాలాసార్లు పోరాటం అక్కడితో సరి. అందుకని సగం హిట్ పాయింట్లు తగ్గగానే ప్లేయర్లకు ఆ సంగతి పైకే చెప్పండి, ఒళ్లంతా రక్తం, ఊపిరి బరువుగా తీస్తోంది అని. అంకె చెప్పక్కర్లేదు. ఆ మాట వినకపోతే విజార్డ్ ప్లేయర్‌కు ఎప్పుడు వేయాలో తెలిసే దారే లేదు.

కింద పడినవాళ్ల సంగతి. స్పృహ తప్పి పడున్న క్యారెక్టర్‌ను పక్కనుంచి కొడితే, తగిలిందంటే అది క్రిటికల్ కింద లెక్క, రెండు డెత్ సేవ్‌లు ఒకేసారి పోతాయి. పైగా ఆ 13 వాళ్ల పూర్తి హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా అక్కడికక్కడే చావు, అంటే ఓగర్ ఒక్క టర్న్‌లోనే దాదాపు ఎవరినైనా చంపగలదు. కొట్టించకండి. కానీ అది పూర్తిగా వదిలేస్తే కూడా భయం పోతుంది, అందుకే నేను దాన్ని లాక్కెళ్లనిస్తాను. ఓగర్ పడిపోయిన రోగ్ కాలు పట్టుకుని గుహ లోపలికి ఈడ్చుకెళ్తోంది అనండి, మిగతా ముగ్గురి ముఖాలు చూడండి. ఎవరూ చావలేదు, ఓగర్ ఒక టర్న్ దెబ్బ వేయలేదు, టేబుల్‌లో మాత్రం అందరూ లేచి నిలబడతారు. వదిలేసినా డెత్ సేవ్‌లతో ఎవరి సాయం లేకుండా బతికే అవకాశం దాదాపు 60 శాతం ఉంది, సాయం అందితే చాలా ఎక్కువ.

పారిపోవడం గురించి "కొత్తవాళ్లు ఎప్పుడూ పారిపోరండీ" అని అందరూ అంటారు, నిజమే, కానీ తప్పు పూర్తిగా వాళ్లది కాదు. ఓగర్ ఒక టర్న్‌లో 40 అడుగులు నడుస్తుంది, మనవాళ్లు 30, మీ హాఫ్లింగ్ (పొట్టి జాతి పాత్ర) 2014 రూల్స్‌లో అయితే 25 మాత్రమే. రూల్స్ ప్రకారం పరుగెత్తితే వెనకనుంచి దెబ్బ తిని చావడమే. కాబట్టి పారిపోవచ్చని మీరు అనుకుంటే సరిపోదు, మ్యాప్ కూడా ఒప్పుకోవాలి. ఓగర్ దూరలేని ఇరుకు సొరంగం, తెంపేయగల తాళ్ల వంతెన, మూసేయగల బరువైన తలుపు, ఏదో ఒకటి. లోపలికి వచ్చేటప్పుడే అది వాళ్ల కంట పడాలి.

ఓగర్ వద్దనుకుని వేరే రాక్షసుడిని వెతికితే ఛాలెంజ్ రేటింగ్ తక్కువుందని మోసపోకండి. షాడో రేటింగ్ 1/2 మాత్రమే, కానీ 2014 రూపంలో దాని ప్రతి దెబ్బ స్ట్రెంగ్త్‌ను 1డీ4 తగ్గిస్తుంది, జీరో అయితే చావే, డెత్ సేవ్‌లు లేవు. స్ట్రెంగ్త్ 8 ఉన్న విజార్డ్‌కు మూడు నాలుగు దెబ్బలు చాలు, మామూలు కత్తులు దానికి సగమే తగులుతాయి. ఇంటెలెక్ట్ డెవరర్ రేటింగ్ 2, ఫైటర్ తెలివితేటలను ఒక్క టర్న్‌లో జీరో చేసి పడేయగలదు, లెవెల్ 1 పార్టీకి దాన్ని బాగుచేసుకునే దారి ఉండదు. ఘూల్ పక్షవాతం తెప్పిస్తుంది, చావు కాకపోయినా ప్లేయర్ టర్న్‌ల తరబడి చేతులు కట్టుకుని కూర్చోవాలి, నాకది చావు కన్నా విసుగు. బగ్‌బేర్ పొంచి ఉండి కొడితే 2014లో 2డీ8+2కి తోడు ఇంకో 2డీ6, అందుకని ఎదురుగా అరుచుకుంటూ రానివ్వండి. హిట్ పాయింట్లను తీసుకునే రాక్షసుడు కొత్తవాళ్లకు ఓకే, హిట్ పాయింట్లను దాటి వేరేదేదో తీసుకునేవాడు ఇప్పుడే వద్దు.

పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట) రెండో ఎడిషన్ సంగతి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. అక్కడి లెక్కను నేను ఎక్కువ నమ్ముతాను. నలుగురికి పోరాటం మోడరేట్ అయితే 80 ఎక్స్‌పీ, సివియర్ 120, ఎక్స్‌ట్రీమ్ 160. పార్టీ కన్నా రెండు లెవెల్స్ పైనున్న ఒంటరి రాక్షసుడు 80, మూడు పైనుంటే 120. కాకపోతే అక్కడ ఆర్మర్ క్లాస్ కన్నా 10 ఎక్కువ పడితే క్రిటికల్, కాబట్టి రాక్షసుడి లెవెల్ పెరిగేకొద్దీ దాని క్రిటికల్స్ కూడా పెరుగుతాయి, మనవాళ్ల దెబ్బలు, స్పెల్స్ తగలవు. కొత్తవాళ్లకు ఒంటరి పెద్దదాని బదులు పార్టీ లెవెల్‌వే రెండు పెట్టండి, అదే 80 అవుతుంది, ఆట చాలా సాఫీగా ఉంటుంది.

చివరగా, ఆట మధ్యలో అదుపు తప్పితే డైస్ దాచి మార్చొచ్చా అన్నారు. నేను మార్చను, డీ20 అందరి ముందే వేస్తాను. మార్చాల్సిన అవసరం రాకుండా వేరే మీటలు ఉంచుకుంటాను. ఓగర్ ఎవరిని కొట్టాలన్నది ఒకటి, అది చివరగా తనకు నొప్పి కలిగించినవాళ్ల వైపే తిరుగుతుంది, అంటే ఎక్కువగా ఫైటర్ వైపే. పాత 1981 బేసిక్ రూల్స్‌లో ఉన్న మొరేల్ చెక్ (రాక్షసుడి ధైర్యం నిలుస్తుందో లేదో చూసే డైస్) రెండోది. అక్కడ మొదటి చావుకు, సగం మంది పడినప్పుడు 2డీ6 వేస్తారు, నేను ఒంటరి రాక్షసుడికి సగం హిట్ పాయింట్ల దగ్గర వేస్తాను. తప్పితే ఓగర్ బేరానికి దిగుతుంది లేదా పారిపోతుంది. మరీ తేలికైపోతోంది అనిపిస్తే దాని అరుపు విని రెండు గోబ్లిన్లు వెనక సొరంగంలోంచి మూడో రౌండ్‌లో వస్తాయి, అనిపించకపోతే అవి ఎప్పుడూ లేవు. ఇక నలుగురూ పడిపోతే, అది కూడా జరగొచ్చు, ఓగర్ వాళ్లను చంపదు, బోనులో పడేసి తాళం వేస్తుంది. వచ్చే సెషన్ అక్కడ మొదలవుతుంది, ఆయుధాలు గది అవతలి మూల కుప్పగా పడుంటాయి, తాళం చెవి ఓగర్ నడుముకు వేలాడుతుంటుంది, రోగ్ దగ్గర చిన్న తీగ ముక్క ఉందో లేదో ఒక చెక్ అడగండి.